దెబ్బ తగలని చోట పుండెలా పడుతుంది?

పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. కోడలు రోజూ ఒళ్లు తుడుస్తోంది, దుప్పటి మారుస్తోంది, వేళకు మందులు వేస్తోంది. మూడో వారంలో బట్టలు మారుస్తూ చూస్తే నడుము దిగువన రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. నాలుగు రోజుల్లో అది పుండైంది. చూడ్డానికొచ్చిన చుట్టాలు గుమ్మం దాటాక గొణుక్కున్నారు: "సరిగా చూసుకుంటున్నట్టు లేదు." ఆవిడ డాక్టరును అడిగింది: "దెబ్బ తగల్లేదు, కాలలేదు, గీసుకోలేదు. మెత్తటి పరుపు మీదే పడుకున్నారు. పుండెలా పడిందండీ?"

మంచాన పడినవాళ్లున్న ఎన్నో ఇళ్లలో పుట్టే ప్రశ్న ఇది. వీటిని పడక పుండ్లు అంటాం. ఆసుపత్రిలో బెడ్ సోర్లు అంటారు. వైద్య పుస్తకాల్లో చాలాకాలం ప్రెషర్ అల్సర్ అని ఉండేది. 2016లో అమెరికా నిపుణుల సంఘం ఆ పేరు తీసేసి ప్రెషర్ ఇంజురీ, అంటే ఒత్తిడి గాయం, అని మార్చింది. ఈ కొత్త పేరే సరైనదని నా అభిప్రాయం. తప్పు పడకది కాదు, ఒత్తిడిది. పైగా పుండు కంటికి కనబడేసరికి గాయం జరిగి చాలాసేపయి ఉంటుంది.

కాలువ చివరి మడి

చర్మాన్ని మనం ఒంటికి చుట్టిన గుడ్డలా చూస్తాం. అది గుండెలాగా, కాలేయంలాగా ఒక అవయవం. పెద్దవాళ్ల చర్మాన్ని విప్పి పరిస్తే ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్లు వస్తుంది. పైపొరలోని కణాలు అడుగున పుట్టి, పైకి జరుగుతూ, ఎండి, పొట్టుగా రాలిపోతుంటాయి. నెల, నెలన్నరలో పైపొర మొత్తం కొత్తదైపోతుంది.

ఇంత పని జరిగే ఆ పైపొరలో ఒక్క రక్తనాళం కూడా లేదు. దానికి తిండీ ప్రాణవాయువూ కింది పొర నుంచి ఊరి రావాల్సిందే. ఆ కింది పొరలో వెంట్రుక కంటే సన్నని నాళాలు అల్లుకుని ఉంటాయి. వాటినే కేశనాళికలంటారు. దానికింద కొవ్వు, కండ, ఎముక.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో గానీ సాగర్ ఆయకట్టులో గానీ వ్యవసాయం చేసినవాళ్లకు ఈ ఏర్పాటు వెంటనే బోధపడుతుంది. గుండె జలాశయం, పెద్ద ధమనులు ప్రధాన కాలువలు, కేశనాళికలు పంట బోదెలు. చర్మం పైపొర కాలువ చివరి మడి. పైన ఎక్కడ అడ్డు పడినా ముందు ఎండేది అదే.

కాలువ చివరికి వచ్చేసరికి నీటి ఉరవడి ఎంత తగ్గుతుందో, రక్తం తోపు కూడా అంతే తగ్గుతుంది. చేతికి పట్టీ కట్టి చూసే రక్తపోటు 120 అనుకుందాం. కేశనాళికలోకి వచ్చేసరికి అదెంత? 1930లో యూజీన్ లాండిస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు గోరు మొదట్లో ఉండే కేశనాళికల్లోకి అతి సన్నని గాజు గొట్టాన్ని గుచ్చి కొలిచాడు. రక్తం లోపలికొచ్చే కొసన సుమారు 32, బయటికి వెళ్లే కొసన సుమారు 12 మిల్లీమీటర్ల పాదరసం. బయటినుంచి అంతకు మించి నొక్కితే ఆ నాళం మూసుకుపోవచ్చు. తోటకు నీళ్లు పెట్టే రబ్బరు పైపు మీద కాలేసినట్టు.

ఈ 32ను గీటురాయిగా పట్టుకోకూడదు. ఆరోగ్యవంతుల వేలి దగ్గర కొలిచిన అంకె అది. రక్తపోటు పడిపోయిన రోగికీ, మధుమేహంతో నాళాలు దెబ్బతిన్నవాళ్లకూ, వయసు మళ్లినవాళ్లకూ అంతకంటే తక్కువ ఒత్తిడే చాలు.

టెంక దగ్గర కుళ్లిన మామిడి

మెత్తటి పరుపు మీద పడుకున్న మనిషికి అంత ఒత్తిడి ఎక్కడిది? బజారునుంచి నాలుగు కిలోల కూరగాయలు పల్చటి ప్లాస్టిక్ సంచిలో మోసుకురండి. ఇంటికొచ్చేసరికి వేళ్లమీద తెల్లటి గీతలు పడి ఉంటాయి. అవే కూరగాయలు వెడల్పు పట్టీ ఉన్న గుడ్డ సంచిలో తెస్తే ఏమీ కాదు. బరువు అదే, అది ఆనిన చోటు మారింది. నీళ్ల బిందె నెత్తిన పెట్టుకునే ముందు ఆడవాళ్లు గుడ్డతో చుట్టకుదురు చేసుకునేది ఇందుకే. బిందె అడుగు నెత్తిని ఒకేచోట పొడవకుండా బరువు పరుచుకుంటుంది.

మన ఒంటికి కండే చుట్టకుదురు. తొడ, పిక్క లాంటి చోట్ల బరువు పరుచుకుంటుంది. కానీ ఎముక చర్మానికి దగ్గరగా వచ్చిన చోట్ల ఆ కుదురు ఉండదు. వెల్లకిలా పడుకుంటే నడుము దిగువ ఎముక, మడమలు, రెక్కలు, మోచేతులు, తల వెనకభాగం. పక్కకు తిరిగితే తుంటి, చీలమండ, చెవి. కూర్చుంటే పిరుదుల్లోని రెండు ఎముకలు. మంచం పట్టి నెల గడిచేసరికి కండ కరిగిపోతుంది. అంటే ఉన్న కాస్త కుదురూ పోతుంది.

ఈ నొక్కుడులో అసలు మోసం ఒకటుంది. పైనుంచి ఎముక, కిందనుంచి పరుపు నొక్కుతున్నప్పుడు అన్నిటికంటే ఎక్కువ నలిగేది ఎముకను ఆనుకుని ఉన్న కండ. దానికి రక్తం ఎక్కువ కావాలి, అందుకే చర్మం కంటే ముందు చస్తుంది. 1981లో పందుల మీద చేసిన ప్రయోగాల్లో చర్మం చెక్కుచెదరకుండా ఉన్నప్పటికే లోపల కండ చచ్చిపోవడం చూశారు. టెంక దగ్గర కుళ్లిన మామిడిపండు లాంటిదన్నమాట. తొక్కమీద చిన్న మచ్చే కనబడుతుంది, కోసి చూస్తే లోపలంతా నల్లగా ఉంటుంది. "నిన్నటిదాకా ఏమీ లేదండీ, రాత్రికి రాత్రి పుండు లేచింది" అని ఇంటివాళ్లు చెప్పే మాట అబద్ధం కాదు. వాళ్లకు కనిపించింది అంతే.

ఎంతసేపు నొక్కితే గాయమవుతుంది? మైకేల్ కోసియాక్ అనే అమెరికా వైద్యుడు 1959లో కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో తేలిందిది: ఎక్కువ ఒత్తిడి కొద్దిసేపు పడినా, కొద్దిపాటి ఒత్తిడి గంటల తరబడి పడినా నష్టం ఒకటే. రెండేళ్ల తర్వాత ఎలుకల మీద మరో ప్రయోగం చేశాడు. మధ్యమధ్యలో ఒత్తిడి తీసి, మళ్లీ పెట్టాడు. నష్టం బాగా తగ్గిపోయింది. ఈ రెండో ఫలితం మీదే ఇవాళ్టి పరిచర్య చాలావరకు నిలబడి ఉంది. ఒత్తిడిని పూర్తిగా తీసేయడం ఎవరి తరమూ కాదు, భూమి ఆకర్షిస్తూనే ఉంటుంది. దాన్ని ఒకచోట నిలవనివ్వకపోవడం మాత్రం మన చేతుల్లో ఉంది.

రక్తం ఆగడం ఒక్కటే కారణం కాదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. కణం విపరీతంగా సాగినా, చదునైపోయినా దాని పొర చిరిగి నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. ఇక చాలాసేపు ఆగిన రక్తం ఒక్కసారిగా తిరిగొచ్చినప్పుడు కూడా కొంత చేటు చేస్తుంది. ఎండి బీటలు వారిన మడిలోకి ఒక్కసారిగా నీళ్లు వదిలితే గట్లు తెగినట్టు.

నిద్రలో మనం చేసే పని

మరి రోజూ ఏడెనిమిది గంటలు పడుకునే మనకు పుండ్లెందుకు పడవు?

మనం కదులుతాం కాబట్టి. పక్కకు ఒత్తిగిల్లుతాం, కాలు ముడుస్తాం, చెయ్యి తలకింది నుంచి లాగేస్తాం. పొద్దున లేచాక ఒక్కటీ గుర్తుండదు. నొక్కుకుపోయిన చోట కణాలు ఇబ్బంది పడగానే నరాలు కబురు పెడతాయి, మెదడు నిద్రలోనే సర్దుకోమంటుంది. సినిమా హాల్లో కూర్చుని ఆ పిరుదు మీంచి ఈ పిరుదు మీదకు బరువు మార్చుకోవడం కూడా అదే.

ఈ కబురు తెగిపోతే ఏమవుతుందో మన పక్కనే ఉన్న వేలూరులో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు చూపించాడు. 1946లో అక్కడికొచ్చిన ఆయన కుష్ఠు రోగుల చేతులు, పాదాల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. కుష్ఠు వస్తే మాంసం దానంతటదే కుళ్లిపోతుందని అప్పటి నమ్మకం. ఆయన చూసింది వేరు. నొప్పి తెలియని పాదం ఒకేచోట మళ్లీమళ్లీ నలిగి పుండవుతోంది. ఆ పాదం మీద బరువు పడకుండా చేస్తే పుండు మామూలు మనిషికి మానినట్టే మానుతోంది. మాంసం మంచిదే. కబురందక జరిగిన నష్టమది.

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల విషయంలో ఇదే వాదం అంతకు ముందు శతాబ్దంలో ఫ్రాన్సులో నడిచింది. నరాలు చెడితే చర్మం చెడుతుంది, మనం చేయగలిగింది లేదు అన్నాడు షార్కో. ఆయన పేరుమోసిన నరాల వైద్యుడు, అప్పట్లో ఆయన మాటకు తిరుగులేదు. అంతకు ముందే 1850లలో బ్రౌన్ సెకార్ అనే మరో శాస్త్రజ్ఞుడు వెన్నుపాము తెగిన జంతువులను ఒత్తిడి, తడి తగలకుండా ఉంచితే పుండ్లు పడవని చూపించాడు. ఆ మాట వినపడలేదు. "చేయగలిగింది లేదు" అన్న మాట ఒక పెద్ద వైద్యుడి నోట వస్తే ఎంతమంది పడకల దగ్గర ఎంతమంది చేతులు ముడుచుకుని ఉంటారో ఆలోచిస్తే నాకు బాధేస్తుంది.

తడి, జారుడు, చారన్నం

ఒత్తిడికి తోడయ్యేవి మరికొన్ని ఉన్నాయి. మొదటిది తడి. బట్టలుతికాక వేళ్ల చివర్లు ముడతలుపడి పాలిపోయి ఉంటాయి కదా. అలా నానిన చర్మం చిన్న ఒరిపిడికే లేచిపోతుంది. తెలియకుండా మూత్రం పోయే రోగి నడుము దిగువ చర్మం రోజంతా ఆ స్థితిలోనే ఉంటుంది. ఆరోగ్యకరమైన చర్మం కాస్త పుల్లగా, ఆమ్లగుణంతో ఉంటుంది, సూక్ష్మజీవులకు అదో కంచె. మూత్రంలోంచి పుట్టే అమ్మోనియా ఆ పులుపును విరిచేస్తుంది. విరేచనం తగిలితే అందులోని జీర్ణరసాలు చర్మాన్ని కూడా తినేస్తాయి. పసిపిల్లలకు డైపరు కింద ఎర్రగా కందేది కూడా ఇలాంటి కారణాలతోనే.

రెండోది జారుడు. తమలపాకుల కట్ట మీద అరచెయ్యి ఆనించి పక్కకు నెట్టండి. పై ఆకు చేతితో వస్తుంది, అడుగు ఆకు బల్లకు అంటుకునే ఉంటుంది, నడిమి ఆకులు వంకరపోతాయి. రోగిని దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టినప్పుడు ఒంట్లో జరిగేది ఇదే. ఎముకా కండా మెల్లగా కిందికి జారతాయి, చర్మం దుప్పటికి అంటుకుని అక్కడే ఉంటుంది, నడుమనున్న నాళాలు సాగి మెలిపడతాయి. వైద్యులు దీన్ని షియర్ అంటారు. తలవైపు 30 డిగ్రీలకు మించి ఎత్తి ఎక్కువసేపు ఉంచొద్దనేది అందుకే. అన్నం పెట్టేటప్పుడు, తర్వాత కాసేపు ఎత్తాల్సిందే, లేకపోతే పొలమారుతుంది. ఆ తర్వాత దించాలి. రోగిని పైకి జరిపేటప్పుడు చంకల కింద చేతులుపెట్టి ఈడ్చినా జరిగేది ఇదే. నడుము కింద మడతపెట్టిన దుప్పటి వేసి, ఇద్దరు చెరోపక్క పట్టుకుని ఎత్తి జరపాలి.

వయసు కూడా ఈ జారుడుకు సాయం చేస్తుంది. కుర్రతనంలో పైపొర, కిందిపొర రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు పెనవేసుకుని ఉంటాయి. వయసు పైబడేకొద్దీ ఆ వేళ్లు చదునై, రెండు అరచేతులు ఊరికే ఆనించినట్టవుతుంది. అమ్మమ్మ చేతిమీద ప్లాస్టరు పీకితే తోలు లేచొచ్చేది అందుకే.

మూడోది తిండి. ఇక్కడ మన ఇళ్ల సంగతి సూటిగా చెప్పాలి. మనిషి మంచం పట్టగానే పథ్యం మొదలుపెడతాం. గంజి, చారన్నం, ఇడ్లీ, బార్లీ నీళ్లు. పప్పు వాతం, గుడ్డు వేడి, పెరుగు జలుబు అని ఒక్కొక్కటీ తీసేస్తాం. చర్మమూ కండా కట్టేది మాంసకృత్తులతో, అంటే ప్రొటీన్లతో. పుండు పడినవాళ్లకు రోజూ ఒంటి బరువులో కిలోకు 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలని నిపుణుల సిఫారసు. 60 కిలోల మనిషికి 75 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. చారన్నంతో ఆ లెక్క ఏనాటికీ తీరదు. ముద్దపప్పు, గుడ్లు, పాలు, పెరుగు, తినేవాళ్లకు చేప, మెత్తగా ఉడికించి కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టాలి. మూత్రపిండాల జబ్బున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి.

రోజుకు 12 సార్లు

పక్క మార్చాలన్న సంగతి కొత్తది కాదు. 1569లో ఫ్రాన్సు రాజవైద్యుడు ఆంబ్రోస్ పారే మోకాలికి తుపాకీ గుండు తగిలి నెలల తరబడి పడి ఉన్న ఒక ప్రభువును చూడ్డానికి వెళ్లాడు. నడుము దిగువ పెద్ద పుండు. మలినమైన పక్కమీంచి తీయించి శుభ్రమైన పక్క వేయించాడు. పుండున్న చోటు దేనికీ ఆనకుండా మెత్తటి ఈకల దిండు చేయించాడు, బలమైన తిండి పెట్టించాడు. నిద్రపట్టడానికి ఎత్తునుంచి నీళ్లు పాత్రలోకి పడేలా చేసి వాన చప్పుడు కూడా వినిపించాడు. ఆ ప్రభువు కోలుకున్నాడు. 1830లలో నీల్ ఆర్నాట్ అనే వైద్యుడు నీళ్ల పరుపును తయారుచేసింది కూడా ఈ పుండ్లకోసమే.

అయినా యుద్ధాల్లో వెన్నుపాము తెగిన సైనికులు పుండ్లతోనూ మూత్రపిండాల్లో చీముతోనూ నెలల్లో చనిపోతూనే వచ్చారు. 1944 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో అలాంటివాళ్లకు ఒక వార్డు తెరిచారు. హిట్లర్ జర్మనీనుంచి పారిపోయివచ్చిన యూదు వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్‌కు అప్పగించారు. ఆయన పెట్టిన మొదటి నియమం: పగలూ రాత్రీ ప్రతి రెండు గంటలకూ ప్రతి రోగినీ పక్క మార్చాలి. చనిపోతారని పక్కన పెట్టినవాళ్లు బతికారు. 1948 జులై 29న ఆ ఆసుపత్రి పచ్చిక మీద 16 మంది చక్రాల కుర్చీల్లో కూర్చుని విలువిద్య పోటీ ఆడారు. నేటి పారాలింపిక్స్‌కు మొదలు అదే.

నర్సింగ్‌కు బాట వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ఈ పుండ్ల తప్పును జబ్బుమీద కాక పరిచర్య మీదే ఎక్కువగా మోపింది. ఆసుపత్రి వార్డుకు అది న్యాయమే. మన ఇంటి కోడలికి న్యాయమా? రెండు గంటలకోసారి అంటే రోజుకు 12 సార్లు, వారానికి 84 సార్లు. రాత్రి పదికి, పన్నెండుకు, రెండుకు, నాలుగుకు లేవాలి. 60 కిలోల మనిషిని ఒక్కతే తిప్పాలి. పొద్దున్నే వంట, పిల్లలు, పొలం లేదా ఉద్యోగం. ఇది ఒక మనిషి పని కాదు. పుండు పడిన ఇంట్లో నిర్లక్ష్యం ఉందంటే, అది ఎక్కువసార్లు ఆవిడది కాదు, గుమ్మందాకా వచ్చి గొణుక్కుని వెళ్లిపోయినవాళ్లది. ఒక్క రాత్రి వంతు తీసుకుంటామన్నవాళ్లు ఎంతమంది?

ఆవిడకు కాస్త ఊరట కలిగించే సంగతి ఒకటుంది. అమెరికా, కెనడా వృద్ధాశ్రమాల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, దట్టమైన మంచి ఫోమ్ పరుపు ఉంటే రెండు, మూడు, నాలుగు గంటలకోసారి తిప్పినవాళ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే మంచి పరుపు కొంత నిద్రను కొనిపెడుతుంది. గదులు గదులుగా గాలి నిండి తగ్గే ఎయిర్ బెడ్లు అద్దెకూ దొరుకుతున్నాయి. ఎయిర్ బెడ్ వేశాం కదా అని తిప్పడం మానేస్తే మాత్రం దానివల్ల ఉపయోగం లేదు.

వేలితో ఒక పరీక్ష

రోజుకోసారి ఒళ్లు తుడిచేటప్పుడు ఎముకలు ఆనే చోట్లన్నీ వెలుతుర్లో చూడాలి. కందినట్టున్న చోట వేలితో నొక్కి వదలండి. పాలిపోయి మళ్లీ రంగొస్తే రక్తం ఆడుతోంది. నొక్కినా రంగు మారకపోతే అది మొదటి దశ గాయం. పుస్తకాల్లో ఎర్రటి మచ్చ అని రాస్తారు. ఆ పుస్తకాలు తెల్లతోలు చూసి రాసినవి. చామనఛాయ, నలుపు ఒంటిమీద ఎరుపు కనబడదు, ఊదాగానో చుట్టుపక్కల కంటే నల్లగానో ఉంటుంది. అందుకే మనం కళ్లకంటే చేతిని నమ్ముకోవాలి. చుట్టుపక్కల కంటే వెచ్చగా ఉందా, గట్టిగా ఉందా, పిండిలా మెత్తబడిందా? అవునంటే ఆ క్షణంనుంచి ఆ చోటు దేనికీ ఆనకూడదు. ఇక్కడ పట్టుకుంటే చాలావరకు వెనక్కి మళ్లుతుంది. తోలు లేస్తే రెండో దశ, కొవ్వు కనబడితే మూడు, కండో ఎముకో కనబడితే నాలుగు.

మంచి మనసుతో చేసే పొరపాట్లు కొన్నున్నాయి. కందిన చోట నూనెపెట్టి గట్టిగా రుద్దుతారు. నలిగిన నాళాలు ఇంకా చిట్లుతాయి. నడుముకింద గాలి రింగు పెడతారు. పుండు గాలిలో తేలుతుంది నిజమే, రింగు అంచు చుట్టూ ఉన్న రక్తాన్ని ఆపేస్తుంది. పౌడరు చల్లితే చెమటతో ఉండలు కట్టి ఒరుస్తుంది. మడమలకింద రింగు వద్దు. పిక్కలకింద దిండు పెట్టి మడమలను గాలిలో వదిలేయండి.

ఇంకొక పొరపాటు మన భాషలోనే ఉంది. పుండు నయమైతే "ఆరిపోయింది" అంటాం. అందుకే గాలి తగలనిస్తాం, ఎండనిస్తాం. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రజ్ఞుడు పందుల చర్మం మీద గాయాలు చేసి కొన్నిటిని ఎండనిచ్చాడు, కొన్నిటిని పల్చటి పొరతో కప్పి చెమ్మగా ఉంచాడు. చెమ్మగా ఉన్నవి దాదాపు రెండు రెట్లు త్వరగా కొత్త చర్మం కట్టాయి. చర్మకణాలు తడి నేలమీదే పాకగలవు. కాబట్టి పుండును సెలైనుతో కడిగి, డాక్టరో నర్సో చెప్పిన కట్టు కట్టి ఉంచాలి. చుట్టూ చర్మం పొడిగా, పుండు లోపల చెమ్మగా. లోతు పుండులో పసుపో, బూడిదో కూరొద్దు. తెరిచి వదిలేస్తే మన వాతావరణంలో ఈగలు వాలతాయి, ఒక రోజులోపే పురుగు పడుతుంది. అది ఇంటివాళ్ల పాపం కాదు. సిగ్గుపడి దాచకుండా వెంటనే చూపించాలి. వాసన గురించి కూడా దాచక్కర్లేదు. ఆ వాసనకే మనుషులు ఆ గదిలోకి రావడం మానేస్తారు, రోగికి ఆ సంగతి తెలుస్తూనే ఉంటుంది. మెట్రోనిడజోల్ మాత్రలను పొడిచేసి పుండుమీద చల్లితే వాసన చాలా తగ్గుతుందని పాలియేటివ్ కేర్ (ఉపశమన సేవ) నర్సులకు బాగా తెలుసు. డాక్టరును అడిగి చేయించుకోవచ్చు. జ్వరం, చలి, మత్తు, పుండుచుట్టూ ఎరుపు పాకడం కనబడితే ఇక ఇంట్లో ఆగొద్దు. సూక్ష్మజీవులు రక్తంలోకి దిగాయేమో చూడాలి.

లోతు పుండు మానడానికి నెలలు పడుతుంది. మానాక అక్కడ పుట్టేది పాత చర్మం కాదు, మచ్చ. కొత్తగా అల్లుకున్న ఆ పోగులకు అసలు చర్మానికున్న బలంలో 80 శాతానికి మించి తిరిగిరాదు, అదీ నెలలు గడిచాక. కింద కరిగిన కండా రాదు. అందుకని కట్టు విప్పేసిన రోజున కూడా ఏ వేళకు ఏ పక్కకు తిప్పాలో రాసి గోడమీద అంటించిన కాగితాన్ని తీయొద్దు. ఆరింటికి ఎడమ, ఎనిమిదింటికి వెల్లకిల, పదింటికి కుడి. దాని పక్కన ఆ వేళ ఎవరి వంతో వాళ్ల పేరు.